నెనెక్ ఇంటి మెట్ల కింద బాన

మొన్న ఆదివారం నా మనవరాలు నన్ను ఆటో ఎక్కించి, పాత ఫ్రెంచివాళ్ళ ఇళ్ళుండే వైట్ టౌన్‌లో తాను పనిచేసే గెస్ట్‌హౌస్‌కి తీసుకుపోయింది. అక్కడ మలాయ్ పల్లె అని ఏదో వేడుక పెట్టారట, చిన్నప్పుడు ఆ దేశంలో పెరిగినదాన్ని కదా, చూసి సంతోషిస్తానని దాని ఆశ. సంతోషం మాట దేవుడెరుగు. పెరట్లో కొయ్య కాళ్ళమీద ఒక ఇల్లు నిలబెట్టారు, మెట్ల పక్కన పెద్ద బాన పెట్టి నీళ్ళకు బదులు ప్లాస్టిక్ పూలు గుచ్చారు, జనమేమో బూట్లు టకటకలాడించుకుంటూ పైకెక్కి ఫోటోలు తీసుకుంటున్నారు. ఛీ అనిపించింది. ఆ రోత ఇంటికొచ్చినా వదలలేదు. నాకా చదువు రాదు, అందుకే తెలుగు రాయడం వచ్చిన పక్కింటామెను కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. మలాయా తోటల్లో బతికి వచ్చిన నా ఈడువాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్ళకి అర్థమవుతుంది.

మా నాయన మలాయాలో కొబ్బరితోట కూలి. మా కూలీల లైను ఇళ్ళకూ, ఏటి గట్టున ఉన్న మలాయ్ పల్లెకూ మధ్య ఒక్క కాలువే అడ్డం. అక్కడ ఒంటరిగా ఉండే ఒక ముసలామెను వాళ్ళ మాటలోనే నెనెక్ అని, అంటే అవ్వ అని, పిలిచేవాళ్ళం. ఆమె తాతలు పడవల్లో సముద్రం దాటి వచ్చి, అడవి కొట్టి ఆ పల్లె కట్టారట. ఏరు గట్టును కొరుక్కుంటూ వచ్చినప్పుడల్లా పల్లె వెనక్కి జరిగేదట. జరగడమంటే ఇల్లు వదిలి పోవడం కాదు, ఇంటికి ఇంటినే మోసుకుపోవడం. ఊరి మగవాళ్ళంతా చేరి, కింద వెదురుబొంగులు కట్టి, పెద్దమనిషి కేక వేయగానే ఒక్కసారిగా భుజాలకెత్తుకుని నడుస్తారు. కూలి లేదు, పిలుపు చాలు, చివర్లో అందరికీ ఆ ఇంట్లోనే భోజనం. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. ఎంత గొప్పవాడైనా మెట్ల దగ్గర చెప్పులు విడిచి, బానలో నీళ్ళు కొబ్బరిచిప్పతో ముంచుకుని, కాళ్ళు కడుక్కునే పైకెక్కాలి. తినేదీ నమాజు చేసుకునేదీ ఆ నేలమీదే కదా మరి.

మా అమ్మకు అదే గిట్టేది కాదు. కూలి బతుకైనా, ఊరినుంచి మోసుకొచ్చిన మడిని మాత్రం భద్రంగా దాచుకుంది. "వాళ్ళ నీళ్ళు తాకినావో, మళ్ళా నా గడప తొక్కొద్దు" అనేది. నాకేమో నెనెక్ ఇంట్లో చాపమీద బోర్లా పడుకుని, పలకల సందుల్లోంచి కింద కోళ్ళు గీరుకోవడం చూడాలని ప్రాణం పోయేది.

ఒక వానాకాలం ఏరు నెనెక్ ఇంటిదాకా వచ్చేసింది. పల్లెవాళ్ళ బలం చాలక మా లైను మగవాళ్ళనూ పిలిచారు, మా నాయన కూడా ఒక బొంగు కింద భుజం పెట్టాడు. కిటికీకి కట్టిన గుడ్డ గాలికి ఊగుతుండగానే ఆ ఇల్లు నడిచిపోవడం నేను గట్టుమీద నిలబడి చూశాను. కొత్త చోట పేర్చిన రాళ్ళమీద దించగానే నెనెక్ చేసిన మొదటి పని, బానను మెట్ల కిందికి దొర్లించి నీళ్ళు నింపడం. పొయ్యి ముట్టించింది ఆ తర్వాతే.

అందరూ కాళ్ళు కడుక్కుని ఎక్కారు. నన్నూ రమ్మని చెయ్యి ఊపింది. నీళ్ళు తాకొద్దంది అమ్మ, ఇల్లెక్కొద్దని అనలేదు కదా అని నా ఎనిమిదేళ్ళ బుర్రకు తోచింది. బానను తప్పించుకుని, బురద కాళ్ళతోనే గబగబా పైకి పోయాను. లోపల అందరూ నా కాళ్ళకేసి చూశారు. తుడిచిన పలకలమీద నా అడుగులు. నాయన తల దించుకున్నాడు. నెనెక్ నా చెయ్యి పట్టి కిందికి దించి, మెట్టుమీద కూర్చోబెట్టి, ఆ వయసులో తానే వంగి నా కాళ్ళు కడిగింది, వేళ్ళ సందులతో సహా.

కాలువ అవతలనుంచి అమ్మ చూడనే చూసింది.

"ఏందే ఇది! వాళ్ళ నీళ్ళు పోయించుకుంటావా? మడీ లేదు, మానం లేదు!" అని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, నెనెక్ చూస్తుండగానే బూడిదతో, కొబ్బరిపీచుతో నా పాదాలు రక్తం చిమ్మేలా తోమింది.

"నేను ఇల్లే మోసొచ్చినా, నన్ను దేంతో తోముతావే?" అన్నాడు వెనకాలే వచ్చిన నాయన.

"నువ్వు తానం చేసేదాకా వాకిట్లోనే పడుండు."

మాకోసం కట్టిన అన్నం, అరటాకు పొట్లం, నెనెక్ చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె నన్ను పిలవలేదు, నేనూ మొహం చూపించలేదు. మరుసటేడు మన దేశానికి తిరిగి ఓడెక్కినప్పుడు కూడా పోయి చెప్పి రాలేదు.

అమ్మను తిట్టే నోరు నాకెక్కడిది? ఈ ఊళ్ళో సారం అనే పేటలో కాపురం పెట్టాక వీధి ఊడ్చే ఆమె నీళ్ళడిగితే, నేనూ వేరే గ్లాసే పెట్టాను, ఆమె పోయాక దాన్ని మట్టితో తోమాను. తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే ఉమ్మి వేయాలనిపిస్తుంది.

మొన్న ఆ గెస్ట్‌హౌస్‌లో నేను మెట్ల దగ్గర చెప్పులు విడిచాను.

"చెప్పులు విడవక్కర్లే అవ్వా, అందరూ అట్లనే పోతుండారు, రా" అంది మనవరాలు.

"నీళ్ళు యాడే?"

"అయ్యో అవ్వా, అది సుమ్మా, ఊరికే షోకి పెట్టిండేది."

ఇప్పుడు నీ నీళ్ళు నా నీళ్ళు అని ఎవరూ ఈసడించుకోరు, అది మంచిదే. కానీ వచ్చినవాడి కాళ్ళకు చెంబెడు నీళ్ళు చూపించేవాళ్ళూ కరువయ్యారు, బానలో పూలు గుచ్చి కూర్చున్నారు. పిల్ల ఎంత బతిమాలినా నేను కింది మెట్టు దగ్గరే నిలబడి వచ్చేశాను. కడగని కాళ్ళతో అలాంటి ఇల్లు రెండోసారి ఎక్కడం నా వల్ల కాలేదు.