సముద్రం అడుగున మంచినీళ్లు

డెబ్భైల చివర్లో అబూధాబీకి దూరంగా ఒక చిన్న దీవిలో జెట్టీ కట్టే పనిలో ఉన్నాను. అక్కడి జాలర్లకూ మాకూ తాగునీళ్లు లాంచీలోనే రావాలి.

కోతలు కోయడం నాకు సరదా. ఒకప్పుడు ముత్యాల కోసం మునిగిన ముసలి జాలర్లను చూపించి, "సముద్రం అడుగున మంచినీటి ఊట ఉందట. వీళ్లు తోలుసంచుల్లో పట్టి తెస్తారు" అని నాతో పనిచేసే జగిత్యాల రాజన్నకు చెప్పాను.

గాలులకు మూడు రోజులు లాంచీ రాలేదు. డ్రమ్ములు ఎండిపోయాయి. రాజన్న తోలుసంచితో సముద్రంలోకి దూకాడు. ముక్కులోంచి రక్తం కారుతూ పైకొచ్చాడు.

"దొరకలేదన్నా. మల్ల పోత. నీకు సుత తెస్త."

"ఒద్దురా, నేను చెప్పింది అబద్ధం!"

"పరాచికాలు ఆపన్నా," అని నవ్వి, నా చెయ్యి విదిలించుకుని మళ్లీ దూకాడు.

ఈసారి జాలర్లు శవాన్ని తెచ్చారు. మర్నాడు లాంచీ వచ్చింది. ఆ మంచినీళ్లతోనే రాజన్నకు స్నానం చేయించాం.

ఇప్పటికీ కోతలు కోస్తాను. ఎవరైనా నిజమేనని నమ్మితే మాత్రం భయమేస్తుంది.