అమ్మ చెప్పిన తేదీ

కడుపులో కుడివైపు నొప్పి మొదలై అప్పటికి పది రోజులు. ఒడిశాలోని మా ఊరు చమఖండిలో మందుల షాపతను ఇచ్చిన మాత్రలు రెండు పూటలు పనిచేసి ఊరుకున్నాయి. నేను చీర కట్టడం మొదలుపెట్టి పదేళ్లు. ఆ పదేళ్లలో ఏ డాక్టరు గడపా తొక్కలేదు. మగవాళ్ల లైన్లో నిలబడితే నవ్వుతారు, ఆడవాళ్ల లైన్లో నిలబడితే తోసేస్తారు. ఆ మాత్రం దానికి నొప్పే నయమనుకునేదాన్ని. చివరికి మా అమ్మే తన ఎండుచేపల గంప పక్కన పెట్టి నన్ను బరంపురం బస్సెక్కించింది.

అమ్మ నన్ను ఇంట్లోంచి గెంటలేదు. అలాగని ఒప్పుకోనూ లేదు. నా చీరలు ఉతికి ఆరేస్తుంది. కంచం ముందు పెట్టి తినమంటుంది. పిలిచేటప్పుడు మాత్రం "బాబూ" అంటుంది. ఎన్నిసార్లు పోట్లాడినా ఆ పిలుపు మారలేదు.

స్కానింగ్ సెంటర్లో చీటీలు రాసే ఆవిడ ఎవరికని అడిగితే, అమ్మ ఒడియాలో "మో ఝిఅ" అంది. నా కూతురు అని. తడుముకోను కూడా లేదు. పదేళ్లు తెలుగులో రాని మాట ఒడియాలో అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. సంతోషపడాలో, పని జరగడానికి అలా అందని సరిపెట్టుకోవాలో కూడా తెలియలేదు.

ఆవిడ అంతటితో వదల్లేదు. ముట్టు ఎప్పుడొచ్చిందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ చేపల వేటరోజులు లెక్కపెట్టినట్టు వేళ్లు ముడిచి, అమావాస్య వెళ్లిన మూడోనాడని చెప్పేసింది. ఆవిడ తేదీ వేసుకుని, నీళ్లు బాగా తాగి కూర్చోమంది.

"ఏటమ్మా ఇది?" అన్నాను చిన్నగా.

"ఊరుకో బాబూ. అడిగిందానికి సెప్పకపోతే బయటికి పొమ్మంతారు."

కూతురన్న నోటితోనే మళ్లీ బాబు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పొచ్చింది.

లోపల డాక్టరమ్మ పొట్టమీద చల్లటి జిగురు రాసి చాలాసేపు వెతికింది. "గర్భసంచి కనబడటం లేదు. తీయించేశారా?" అని ఒడియాలో అమ్మనే అడిగింది. మా ఊళ్లో కడుపునొప్పని వెళ్లిన ఆడవాళ్లకి సగంమందికి అది తీసేశారు. అమ్మకీ తీసేశారు. అందుకని జవాబు సిద్ధంగా ఉంది, తీయించేశామంది. డాక్టరమ్మ చీటీ చూసింది. "మరి ఈ తేదీ ఏంటి?"

అమ్మ నా వైపు చూసింది. ఊరుకుంటే ఇంకో రెండు నిమిషాలు నేను అమ్మకి కూతుర్ని. కానీ లేని గర్భసంచి గురించే మాట్లాడుకుంటూ కూర్చుంటే నా నొప్పి సంగతి ఎవరు చూస్తారు? పైగా ఎవరో చెప్పారని రెండేళ్లుగా షాపులో కొనుక్కుని మింగుతున్న ఆడ హార్మోన్ మాత్రలే ఈ నొప్పి తెచ్చాయేమోనని లోపల ఒకటే భయం.

"నాకు గర్భసంచి పుట్టుకతోనే లేదండి. మగపిల్లాడిగా పుట్టాను" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. తిడుతుందనుకున్నాను. ఏం మాత్రలు వేసుకుంటున్నావని అడిగి, పొట్టమీద పరికరాన్ని కుడిపక్కకి జరిపింది. మూత్రం దిగే దారిలో రాయి ఉంది. మాత్రల వల్ల కాదట. అయినా డాక్టరుకి చూపించుకోకుండా ఇక మింగొద్దని, మందులు వాడి వారం తర్వాత రమ్మని చెప్పింది. నా ప్రాణం కుదుటపడింది.

బస్టాండులో అమ్మ మొహం తిప్పుకుని కూర్చుంది. "ఆళ్ల ముందు నా మాట అబద్దం సేసీసినావు" అంది.

నిజమే. ఏ మాట కోసం పదేళ్లు పోట్లాడానో, అమ్మ ఆ మాట అన్న రోజే నా నోటితో నేనే కాదన్నాను. తప్పు చేశానా? చెయ్యకపోతే రాయి దొరికేదా?

"వారం పోయాక మల్లీ రమ్మన్నారు గదా. అప్పుడేటని సెప్పాల?"

"కూతురనే సెప్పమ్మా."

"మల్లీ అబద్దమాడమంతావా?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. ఇంతలో మా బస్సొచ్చింది. చమఖండి దాకా అమ్మ జవాబు కోసం నా మొహంలోకి చూస్తూనే ఉంది, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.