అక్క మంచం మీద తడి

అక్క పోయిన నెలలోనే పిల్లి ఆమె మంచం తడపడం మొదలుపెట్టింది.

మాది విజయనగరం వైపు. నేను మన్యంలో, గూడెం కొత్తవీధి పోస్టాఫీసులో పనిచేస్తాను. బావ పోయాక అక్క నా దగ్గరికొచ్చి ఇక్కడే ఉండిపోయింది. పిల్లి ఆమెదే. కాఫీ గింజలు ఆరబోసిన కళ్లంలో ఒంటరిగా అరుస్తుంటే కొంగులో చుట్టుకుని తెచ్చింది. ఇక్కడ వాన పట్టుకుంటే రోజుల తరబడి వదలదు, వీధిలో కుక్కలు. అందుకని పాత ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి తన మంచం పక్కనే పెట్టింది. పిల్లి ఏనాడూ ఆ టబ్బు దాటి ఎక్కడా పాడుచేయలేదు.

తర్వాత అక్క కిడ్నీలు పాడయ్యాయి. చివరి రోజుల్లో లేచి బాత్రూముకు వెళ్లే ఓపిక లేక పక్కలోనే అయిపోయేది. నేను ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా దుప్పటి మార్చేదాన్ని. "నీకు మళ్లీ పని పెట్టేసేనే" అనేది గోడవైపు తిరిగి. పిల్లి ఆమె కాళ్ల దగ్గర ముడుచుకుని ఉండేది.

ఆమె పోయాక గదిలో సామాను సర్దేశాను. పరుపు తీయడానికి మాత్రం చేతులు రాలేదు. శుభ్రమైన తెల్ల దుప్పటి పరిచి వదిలేశాను. టబ్బును వెనక వరండాలోకి మార్చాను.

మొదటిసారి తలుపు తీయగానే ఆ వాసన కొట్టినప్పుడు నాకు పిల్లి గుర్తుకు రాలేదు. సంచి కింద పడేసి, 'వచ్చేశానే' అంటూ దుప్పటి కోసం బీరువా దగ్గరికి పరుగెత్తాను. దుప్పటి చేతిలో పట్టుకున్నాక తెలిసింది ఇంట్లో ఎవరూ లేరని. మంచం మధ్యలో, సరిగ్గా అక్క పడుకునే చోట, తడి. దాని పక్కన పిల్లి కూర్చుని నన్నే చూస్తోంది.

తిట్టాను. ఉతికాను. మర్నాడు మళ్లీ అదే చోట. గది తలుపు మూసేస్తే గడప దగ్గర పోసింది. ఫినాయిల్ వేసి ఎంత కడిగినా వాన ముసురులో ఏదీ ఆరదు. ఫినాయిల్ కిందనుంచి ఆ వాసన మెల్లగా లేచేది. భోజనం చేస్తున్నా, బట్టలు మడత పెడుతున్నా, అక్క పిలవబోతోందన్నట్టు చెవులు ఆ గది వైపే ఉండేవి.

పక్కింటామెది ఇక్కడి కొండ ఊరే. కాఫీ తోటలో పనిచేస్తుంది. అక్కకు బాగా దగ్గర. గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, లోపలికి రాకుండానే అంది:

"మీ అక్క ఎల్లనేదమ్మా. ఆ పిల్లికి అగుపడతంది. మా ఊరి దిసారిని పిలుత్తాను, ఇల్లు సూపించుకో."

దిసారి అంటే వాళ్లలో ముహూర్తాలు పెట్టి, గాలీ ధూళీ సోకితే చూసే పెద్ద.

"ఆయనొచ్చి ఏటి సేత్తాడు?" అన్నాను.

"పంపేత్తాడు."

అక్క ఇంట్లో ఉందంటే కలగని భయం ఆమెను పంపేస్తారంటే కలిగింది. వద్దన్నాను. ఆ సాయంత్రం నేనే గది తలుపు తెరిచి పెట్టాను.

ఆదివారం పగలు పిల్లి మంచమెక్కి కూర్చుంది. చాలాసేపు ముక్కింది. గొంతులోంచి సన్నగా, ఎన్నడూ వినని అరుపు. అది దిగాక చూస్తే దుప్పటి మీద నాలుగు చుక్కలు, లేత ఎరుపు. అప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. మర్నాడు సెలవు పెట్టి, వెదురు బుట్టలో పిల్లిని కూర్చోబెట్టి, పైన కండువా కట్టి, ఆటోలో చింతపల్లి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ దాని పొట్ట తడిమి చూసింది. "ఇన్ఫెక్షన్ అండీ. మగపిల్లికి మూత్రం దారి పూర్తిగా మూసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఏమైనా మారిందా?"

"మా అక్క పోయింది. పిల్లి ఆమెదే."

అది అక్క పరుపే తడుపుతోందని కూడా చెప్పాను. దాని ఇసుక టబ్బు ఎక్కడుందని ఆవిడ అడిగింది. వరండాలో అని, జల్లు పడి ఇసుక తడుస్తుందని చెప్పాను.

"పాత చోటే పెట్టండి, పొడి ఇసుక పోసి. ఫినాయిల్ వాడకండి. ఆ పరుపు తీసేయండి. వాసన ఉన్నంతకాలం అక్కడికే వెళ్తుంది."

తిరుగు దారంతా ఆ చివరి మాటే నా తలలో తిరిగింది. ఆ పరుపులో తడి పిల్లి ఒక్కదానిదే కాదు.

ఇంటికొచ్చాక పరుపు చుట్టి, ఈడ్చుకుంటూ గడప దాకా తెచ్చాను. పక్కింటామె గదిలోకి రాలేదు గానీ, గడప దాటగానే రెండో కొస పట్టుకుంది. పెరటి వెనక సిల్వర్ ఓక్ చెట్లు దాటి తీసుకెళ్లి కిరోసిన్ పోసి అంటించాం. తడి దూది మండలేదు, కమిలింది. సాయంత్రం దాకా పొగ కొండవైపు పాకుతూనే ఉంది. ఆమె నాతో పాటు కూర్చుంది.

మాత్రలు నూరి ఎండుచేపల పులుసులో కలిపి పెడితే పిల్లి తిన్నది. మెల్లగా కోలుకుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు మంచం కోడు తడిపినా, తర్వాత మళ్లీ మంచం పక్కకు తెచ్చిన టబ్బుకు అలవాటు పడింది. ఒక సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీశాను. ఏ వాసనా లేదు. గుమ్మంలోనే నిలబడి మళ్లీ మళ్లీ గాలి పీల్చాను. తడి గొడుగు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూలబడి, అక్క పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చాను.

పక్కింటామె ఇప్పటికీ ఆ గదిలోకి రాదు. పెరట్లోంచే అడుగుతుంది, "ఇంకా ఉందేటమ్మా?" అని.

"నేదు" అంటాను.

ఆమె నమ్మదు. నాకూ పూర్తిగా నమ్మకం లేదు. పరుపు లేని ఆ నవారు మంచం మధ్యలో పిల్లి పడుకుని ఉంటుంది. ఒక్కోసారి, నేను గుమ్మంలోంచి చూస్తుండగా, ఖాళీ గదిలో తలెత్తి చూసి, లేచి, ఎవరికో చోటిస్తున్నట్టు కాళ్లవైపుకు జరిగి పడుకుంటుంది.