కవరింగు అని చెప్పిన గొలుసు

ఆ రోజుల్లో మా పాకాలలో ఆడవాళ్లు ఎదురుపడితే ముఖం కన్నా ముందు మెడ చూసేవాళ్లు. "బాగుండావా మే?" అని అడుగుతూనే మన గొలుసును రెండు వేళ్లతో పైకెత్తి, ఒకసారి వెనక్కి తిప్పి, "బంగారమా, కవరింగా?" అని రెండో ప్రశ్న వేసేవాళ్లు. మొదటిదానికి జవాబు చెప్పకపోయినా పట్టించుకోరు. రెండోదానికి మాత్రం చెప్పి తీరాలి. బంగారం అంటే "ఎన్ని సవర్లు?" అని మూడోది సిద్ధంగా ఉంటుంది. కవరింగు అంటే "అదే అనుకుంటి" అని గొలుసును మన మెడ మీదికి జారవిడుస్తారు. (ఆ జారవిడిచే తీరులోనే మన ఇంటి పరపతి ఎంతో వీధికంతా తెలిసిపోతుంది.) ఇంత చిన్న ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పలేక నేను ఒకసారి తిరుపతి వీధుల్లో గొలుసు దొంగననిపించుకున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయి, తిరుపతిలో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గర ఉద్యోగంలో చేరాను. ఉద్యోగమంటే వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, లోపలి నుంచి కేకలు వినిపించినప్పుడు బయట కూర్చున్నవాళ్లు లేచి పారిపోకుండా చూసుకోవడం. పొద్దున పాసింజరు రైల్లో పోయి, సాయంత్రం అదే రైల్లో ఇల్లు చేరేదాన్ని. ఏడాది తిరిగాక అమ్మ నా మెడలోకి కొత్త కవరింగు గొలుసు ఒకటి కొనిచ్చింది. ఎండాకాలం, కిక్కిరిసిన పెట్టె, కారే చెమట. నెల తిరిగేసరికి గొలుసు మెరుగు ఎటు పోయిందో తెలియదు గానీ, దాని నలుపు మాత్రం నా మెడ చుట్టూ కొలిచి గీసినట్టు దిగిపోయింది. ఒకరోజు డాక్టరమ్మ ఒక పెద్దాయన నోట్లో దూది కుక్కుతూ నావైపు చూసి, "ఏమమ్మా, స్నానం చేసేటప్పుడు మెడ మర్చిపోతున్నావా?" అన్నారు. నోరు తెరిచి పెట్టుకున్న ఆ పెద్దాయన, మాట్లాడే వీలు లేకపోయినా, ఎలాగో ఒకలాగ నవ్వాడు. ఆ నవ్వుతోనే నేను తీర్మానించుకున్నాను, రోజూ వేసుకోవడానికి ఒక మంచి గొలుసు కొనాలని.

మంచి గొలుసంటే ఏది అన్న దగ్గర మా ఇల్లు రెండుగా చీలింది. అమ్మది కవరింగు పక్షం. "రైల్లో తిరిగేదానివి, బంగారం ఎందుకే? మొన్న ఎదురింటామె కిటికీ పక్కన కూసోనుంటే, బండి కదిలేటప్పుడు చెయ్యి పెట్టి తెంపుకొని పోలేదా? గొలుసు పోతే పొయ్యింది, మెడ పోతే యాడ తెస్తాం?" అనేది. అవ్వది బంగారం పక్షం. "కవరింగు కొనేది, నల్లబడితే పారేసేది, మళ్లా కొనేది. బంగారమైతే ఆపదలో అమ్మితే అన్నం పెడుతుంది. నీ కవరింగు అమ్మితే అంగడాయప్ప ఉప్పురాయి కూడా ఇయ్యడు," అనేది. నాయన ఎవరు మాట్లాడినా తల ఊపేవాడు. (ఆయన సంసారం నడిపిన పద్ధతే అది.)

సరే, అమ్మ మాట కాదనడమెందుకని మొదట కవరింగు అంగడికే వెళ్లాను. అంగడాయన మెరిసే గొలుసొకటి తీసి అద్దం ముందు పట్టి, "ఇది ఉత్త పూత కాదమ్మా, రోల్డు గోల్డు. లోపల రాగి, పైన బంగారు రేకు తొడుగు. ఐదేండ్లు గ్యారంటీ," అన్నాడు. ఆశగా అందుకోబోయాను. "ఒకే ఒక్క మాట. నీళ్లు తగలగూడదు, సబ్బు తగలగూడదు, సెంటు తగలగూడదు, సెమట అస్సలు తగలగూడదు," అన్నాడు. "మరి మెడకు తగలొచ్చునా?" అని అడిగాను. ఆయన పక్కనున్న ఇంకో ఆమెకు గాజులు చూపించడం మొదలుపెట్టాడు.

అక్కడి నుంచి నేరుగా బంగారు అంగడికి పోయి, ఏడాది పాటు దాచుకున్న జీతం పోసి, అర సవర, అంటే నాలుగు గ్రాముల గొలుసు కొన్నాను. ఎంత సన్నమంటే, అంగడాయన దాన్ని నా అరచేతిలో పెట్టినప్పుడు పెట్టాడో లేదో తెలియక "పెట్టినారా?" అని అడిగాను. అయినా నా జన్మలో నేను సంపాదించి కొన్న మొదటి వస్తువు అది. ఆ సాయంత్రం రైల్లో పాకాల వచ్చేదాకా ఒక చెయ్యి మెడ మీది నుంచి తీయలేదు. (పక్కన కూర్చున్నామె "గొంతు నొప్పా పాపా?" అని అడిగి మిరియాల కషాయం తాగమంది.)

అబద్ధం చెప్పాలని ముందుగా అనుకోలేదు. గుమ్మంలోనే అమ్మ గొలుసు పైకెత్తి, "కవరింగే కదా?" అంది. ఆమె కళ్లల్లో రైలు, కిటికీ, లోపలికి దూరిన చెయ్యి అన్నీ కనిపించాయి. "ఊఁ," అన్నాను. అంతే, ఒక్క ఊఁ. అవ్వ మాత్రం గొలుసును అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "మంచి కవరింగే అమ్మణ్ణీ. రాగి వాసనే రాలే," అని బోసినోటితో నవ్వింది.

ఆ ఊఁకి తగ్గట్టు బతకడం ఎంత కష్టమో తర్వాత తెలిసింది. కవరింగు గొలుసును ఎవరూ బీరువాలో దాచరు. కాబట్టి నేనూ నా ఏడాది జీతాన్ని స్నానాల గది గూట్లో, సబ్బుపెట్టెలో పడేసేదాన్ని. కవరింగు నల్లబడకుండా రంగులేని గోళ్లరంగు పూయడం మా వైపు అలవాటు. అమ్మ ప్రతి ఆదివారం నా గొలుసును న్యూసుపేపరు మీద పరిచి, కొక్కెంతో సహా ఒక పూత పూసేది. "సూడు, నేను పూస్తా ఉండబట్టే ఇన్నాళ్లు నిలిచింది," అని నాయనకు చూపించేది. నాయన తల ఊపేవాడు. అంతటితో ఆగలేదు. మూడు నెలలైనా నల్లబడని కవరింగు అని వీధంతా పాకింది. నలుగురు ఆడవాళ్లు వచ్చి "మాకూ అట్లాంటిదే తెచ్చియ్యి పాపా," అన్నారు. నేను మళ్లీ ఆ కవరింగు అంగడికే పోయి, చూడ్డానికి అచ్చం అలాగే ఉండే నాలుగు గొలుసులు వెతికి తెచ్చిచ్చాను. అవి నెల తిరక్కముందే నల్లబడ్డాయి. "నీకు మాత్రం మంచిది ఏరుకున్నావు," అని వాళ్లు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

మరుసటి వేసవిలో తిరుపతి గంగజాతర వచ్చింది. తిరుపతిలో మా మేనత్త కొడుకు ఒకాయన సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి నడిపేవాడు. ఆయన ఒళ్లు చూసి ఇంట్లో పిల్లలందరం బస్తా బావ అనేవాళ్లం. (ఎదురుగా ఉత్త "బావా" మాత్రమే. బస్తా మనసులో.) అంతకుముందు ఆయనకు కామెర్లు వచ్చినప్పుడు, "నా కొడుకు లేసి తిరిగితే ఆడవేసం ఏయిస్తా తల్లీ," అని మేనత్త గంగమ్మకు మొక్కుకుంది. జాతరలో మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, నగలు పెట్టుకుని మొక్కు తీర్చుకోవడం అక్కడ మామూలే. ఆ వేషానికి సాయం చేయడానికి అమ్మ కూడా తిరుపతి వచ్చింది. నేనేమో జాతర రద్దీలో గొలుసు పోతుందేమోనని భయపడి, ఆ ఒక్కరోజు దాన్ని ఇంట్లో సబ్బుపెట్టెలోనే భద్రంగా వదిలి డ్యూటీకి పోయాను.

మధ్యాహ్నం బావ ఫోను నుంచి అమ్మ మాట్లాడింది. "పాపా, మీ బావను సూడాల నువ్వు! అచ్చం మా పెద్దమ్మ మాదిరి ఉండాడు. నగలు సాలలేదని, నీ కవరింగు గొలుసు తెచ్చినా కదా, అదీ ఇచ్చేసినా."

"ఏ గొలుసు?"

"అదేమే, సబ్బుపెట్టెలోది."

నా చెవిలో డాక్టరమ్మ పళ్లు తొలిచే మిషన్ మోగినట్టయింది. "బావ యాడుండాడు ఇప్పుడు?"

"యాడని చెప్పేది? డప్పులెనకాల ఎగురుకుంటా పొయినాడు. సీరకు జేబు లేదని ఫోను నా చేతికిచ్చినాడు."

ఆ రోజు డాక్టరమ్మకు సాయం చేసే అమ్మాయి సెలవు పెట్టడంతో, ముఖానికి మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని నేనే లోపల నిలబడి ఉన్నాను. "మా బావకు ప్రమాదం మేడమ్!" అని అరిచి, ఆ అవతారంతోనే వీధిలోకి పరిగెత్తాను.

జాతర వీధి నిండా చీర కట్టిన మగవాళ్లే. పసుపు, వేపాకు, డప్పులు, మండే ఎండ. కనిపించిన ప్రతి మెడనూ చూసుకుంటూ పోయాను. అంతలో ముందు ఒక ఆకుపచ్చ చీర, దానికి తగ్గ బస్తాలాంటి వీపు, మెడ వెనక సన్నగా మెరుస్తున్న నా గొలుసు. ఇంకేం, "దొరికింది!" అని వెనక నుంచి గొలుసు పట్టుకున్నాను. ఆకుపచ్చ చీర ఇటు తిరిగింది. పెదాలకు లిప్‌స్టిక్కు, పైన గుబురు మీసం. బావ కాదు. గొలుసూ నాది కాదు.

"దొంగ! గొలుసు దొంగ!" అని ఎవరో అరిచారు. చుట్టూ ఆడవాళ్లు మూగారు. "సూడండి, మొగం కనబడకుండా గుడ్డ కట్టింది!" అని ఒకామె, "వేలిముద్రలు పడకుండా తొడుగులు కూడా ఏసుకొనొచ్చింది!" అని ఇంకొకామె. మీసాలాయన మాత్రం గొలుసు సర్దుకుని, నావైపు జాలిగా చూసి అన్నాడు, "ఇది కవరింగు తల్లీ. ఇంత తయారుగా వచ్చినదానివి, బంగారమేదో కవరింగేదో తెలుసుకొని రాగూడదా?"

నాకు ఏడుపొచ్చింది. "నేను దొంగను కాదన్నా. మా బావ అనుకుంటి," అన్నాను. నవ్వులు మొదలయ్యాయి. "వేసమేసినోళ్లంతా మీ బావలేనా మే?" అని ఒక ముసలామె నా మాస్కు కిందికి లాగి, ముఖం చూసి, "బిడ్డ మొగం వాడిపొయ్యిండాది, దొంగ మొగం కాదులే," అని ఒక గ్లాసు అంబలి చేతిలో పెట్టింది. తాగేదాకా కదలనివ్వలేదు.

అంబలి చివరి గుక్కలో ఉండగా డప్పుల వెనక నుంచి మా బావ వచ్చాడు. ఎర్రచీర, కాటుక, మోకాళ్లదాకా సవరం జడ. నిజంగానే అమ్మ చెప్పిన పెద్దమ్మలా ఉన్నాడు. మెడలో పూలదండలు, పూసలు, నిమ్మకాయల దండ, అన్నీ ఉన్నాయి. నా గొలుసు లేదు.

"బావా! సన్న గొలుసేది?"

"అదా? మెడకు పట్టలే మే. ఉరేసినట్టుండె. కాలికి కట్టుకుంటి," అని చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి చూపించాడు. నా ఏడాది జీతం ఆయన చీలమండకు చుట్టుకుని, పసుపునీళ్లలో, బురదలో మునిగి ఉంది. ఇంతసేపూ నేను వెతికింది మెడలు!

నడివీధిలో దబ్బున కూలబడి రెండు చేతులతో ఆయన కాలు పట్టుకున్నాను. "కదలొద్దు బావా!"

"నాకెందుకు మొక్కుతా ఉండావు మే?"

ఆయన అడిగింది ఎవరికీ వినిపించలేదు. నేను పడి కాళ్లు పట్టుకోవడం మాత్రం అందరికీ కనిపించింది. "గంగమ్మ తల్లీ!" అని పక్కనున్నామె నా పక్కనే సాగిలపడింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఒకామె బావ కాళ్ల మీద (అంటే నా నెత్తి మీద) బిందెడు పసుపునీళ్లు పోసింది. నేనేమో కొక్కెం విప్పుదామని చూస్తే అది రావడం లేదు. అమ్మ ఆదివారాల గోళ్లరంగు మొత్తం అక్కడే గడ్డకట్టి ఉంది. గత్యంతరం లేక వంగి పంటితో పట్టి లాగాను. "కాలికి ముద్దు పెడతా ఉండాది, ఎంత భక్తో సూడు!" అన్నారు వెనక.

"ఏం చేస్తా ఉండావే? సక్కిలిగిలి!" అని బావ గింజుకున్నాడు.

"కదలొద్దంటి కదా. అది కవరింగు కాదు బావా. బంగారం," అని గుసగుసలాడాను.

బావ కొయ్యబారిపోయాడు. బంగారాన్ని నడుము కిందికి పెట్టుకోవడమే తప్పనుకునే ఇల్లు మాది. ఆయన ఆ కాలు నేలకు ఆనించకుండా గాల్లోకి ఎత్తి, ఒంటికాలి మీద ఊగుతూ, "లచ్చుమమ్మను కాలికి కట్టించినావా! నా కండ్లు పోతాయి కదే!" అని బావురుమన్నాడు. కాటుక చెంపల మీద కారింది. ఒంటికాలి మీద నిలబడి ఏడ్చే వేషాన్ని ఆ జాతరలో అంతకుముందు ఎవరూ చూడలేదనుకుంటాను. డప్పులు రెట్టింపు జోరందుకున్నాయి. ఆ జోరులోనే కొక్కెం ఊడొచ్చింది. గొలుసు పిడికిట్లో పెట్టుకుని, సాగిలపడ్డవాళ్ల మధ్య నుంచి పాక్కుంటూ బయటపడ్డాను.

సాయంత్రం రైల్లో అమ్మ పక్కన కూర్చుని నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. చంద్రగిరి దాటాక అమ్మ, "నీ జీతంతో కొనిందా?" అని అడిగింది. తల ఊపాను. గొలుసు తీసుకుని, కొంగుతో లింకు లింకూ తుడిచి, పసుపు పోయేదాకా రుద్ది, తనే నా మెడలో వేసింది. కిటికీ తలుపు దించింది. తర్వాత మెల్లగా, "ఇంక అబద్ధం చెప్పబాకు పాపా. బంగారమనే చెప్పు. ఎట్లాగూ ఎవురూ నమ్మరు," అంది.

నిజంగానే ఎవరూ నమ్మలేదు. ఆ గొలుసు నా మెడలో ఎనిమిదేళ్లు, పెళ్లయ్యేదాకానే కాదు, పెళ్లయ్యాక కూడా నిశ్చింతగా రైలెక్కి తిరిగింది. చివరికి నా కూతురి చెవికమ్మలకని మార్చేశాను. ఇప్పుడు నాకు అంతకన్నా బరువైనవి రెండు మూడున్నాయి. బ్యాంకు లాకరులో ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు ఆసుపత్రిలో ఉన్న చుట్టాలను చూడబోయినట్టు పోయి చూసి వస్తాను. రోజూ వేసుకోవడానికి ధైర్యం లేదు. అర సవర కోసం గడ్డం కింద మాస్కుతో, నెత్తిన పసుపునీళ్లతో, ఎవరేమనుకుంటారో పట్టకుండా వీధిలో కూలబడిన ఆ పిల్ల ఒక్కోసారి గుర్తొస్తుంది. నగలు నా దగ్గరే ఎక్కువున్నాయి. అయినా నాకన్నా ఆ పిల్లే కలిగిన మనిషి అనిపిస్తుంది.