అంబలి కాదు, అంబటాళ్ల

"బిడ్డా, ఆ ఫోన్ పక్కకు పెట్టి సక్కగ కూసో. నేను జెప్పేది మంచిగ ఇని రాయి. మధ్యల నవ్వకు."

నేను రిటైరయ్యే ముందటి ఏడాది సంగతి ఇది. శంషాబాద్‌లో మా ఆఫీసు. విమానం పైనుంచి పోతే బల్ల మీద గ్లాసులో నీళ్లు వణికేవి. పనిచేస్తుండగా దెబ్బతగిలిన వాళ్లకు పరిహారం ఇప్పించే ఆఫీసు అది. చదువురాని వాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టడానికి బయట క్లెయిమ్ ఏజెంట్లు ఉండేవారు. వాళ్ల పేర్లు నమోదు చేయడం, వాళ్లు రాసిన కాగితాలు సరిచూడటం నా పని.

మల్లమ్మ కొత్తూరులో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. మెషిన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆమె దరఖాస్తులో ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా ఉంది: "అంబలి తాగే సమయమున ప్రమాదం జరిగినది." కంపెనీ వాళ్లు ఆ ఒక్క మాటే పట్టుకున్నారు. ప్రమాదం ఆన్ డ్యూటీ, అంటే పనిలో ఉండగా జరగాలి. అంబలి తాగుతూ ఉన్న మనిషితో మాకేం సంబంధం అన్నారు. మా సార్ ఫైలు మూసేయమన్నారు. మూస్తే ఆ తల్లికి ఇక ఏ ఆధారమూ లేదు.

నాకు మనసొప్పలేదు. మల్లమ్మను, దరఖాస్తు రాసిన ఏజెంటు సత్యనారాయణను పిలిపించాను. ఆయనది గోదావరి వైపు. మల్లమ్మ చెయ్యి కొంగు చాటున దాచుకుని నిలబడింది. నేను కాగితం పైకి చదివాను.

"అంబలా? గిదేంది మేడం! అంబలెవరు తాగిండ్రు? అంబటాళ్ల అన్న నేను!"

నాకు నవ్వు, సిగ్గు రెండూ ఒక్కసారే వచ్చాయి. నేను పుట్టింది ఇక్కడే, పక్కన మామిడిపల్లిలో. పొద్దున పది గంటల వేళను మా అమ్మ అంబటాళ్ల అనే అనేది. పొలంలో అంబలి తాగే వేళని ఆ పేరు. ఇప్పుడు అంబలి పోయింది, మాట మిగిలింది.

"అడిగానండి మేడమ్, అంబలేనా అమ్మా అని. ఆఁ అన్నారండి," అన్నాడు సత్యనారాయణ, చెమట తుడుచుకుంటూ.

"ఆఁ అంటే, ఏందీ అన్నట్టు సారూ! ఇనపడక అన్న. నువ్వేమో రాసుకుంట పోయినవ్!"

ఫ్యాక్టరీ రిజిస్టర్ తెప్పించాం. తిండికి విరామం ఒంటిగంటకు. దవాఖాన చీటీలో మల్లమ్మను తెచ్చిన వేళ పదకొండు. ఆమె మెషిన్ దగ్గరే ఉందని తేలిపోయింది. సార్ ఫైలు మళ్లీ తెరిచారు, పరిహారం మంజూరైంది.

సత్యనారాయణ పేరు జాబితాలోంచి తీసేయాలా అని సార్ అడిగితే మల్లమ్మే అడ్డుపడింది. "వద్దు సారూ. నా చేతికి కట్టు ఉంటే గ్లాసు పట్టి చాయ్ తాపిండు. మనసు మంచిదే. మన మాటొక్కటే రాదు, పాపం."

అసలు ఆ దరఖాస్తు మీద 'సరిచూశాను' అని సంతకం పెట్టింది నేనే. నెల కిందట, మల్లమ్మను ఒక్క మాట అడగకుండా. ఆ సంగతి సార్‌కు నేనే చెప్పాను. ఆ వారం నుంచి ప్రతి దరఖాస్తు కింద ఒక వాక్యం చేర్చాం: 'రాసింది చదివి వినిపించాను, ఔనన్నారు.' దాని కింద ఏజెంటు సంతకం, కార్మికుడి సంతకం లేదా వేలిముద్ర. అవి లేకపోతే కాగితం తీసుకునేది లేదు. సత్యనారాయణ ఒక చిన్న నోటుబుక్కు కూడా పెట్టాడు. నేను కనబడితే చాలు, "మేడమ్, పొద్దుమీకి అంటే సాయంత్రమేనాండీ?" అని అడిగేవాడు.

మల్లమ్మ ఎడమచేత్తో సంతకం నేర్చుకుంది. పరిహారం రసీదు మీద వేలిముద్ర వెయ్యమంటే, "ఎందుకేస్త?" అని నా పెన్ను గుంజుకుంది. ఆ వంకర అక్షరాలు చూసినప్పుడు నాకు తెలిసిందేమిటంటే, మనిషి చెప్పింది రాయడం సగం పనే, రాసింది తిరిగి ఆ మనిషికి...

"అత్తమ్మా! బువ్వ సల్లారుతున్నది, జల్ది రాండ్రి!"

"వస్తున్న, వస్తున్న! బిడ్డా, లేవకు. నువ్వు రాసింది జర నాకు సదివి..."