టైపు టీచరుగారి పడవల ఆట

మా టైపు టీచరుగారు పోయారు. నాకు తెలిసేసరికి పదిహేను రోజులైంది. ఇన్‌స్టిట్యూట్ కింద జిరాక్సు షాపాయన ఫోన్ చేసి, "మీ నంబరు ఇవాళే దొరికిందమ్మా" అన్నాడు. కార్యక్రమాలన్నీ అయిపోయాయట. హైదరాబాదులో మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

గూడూరు నుంచి బస్సులో బందరు వెళ్ళి ఆవిడ దగ్గర టైపు నేర్చుకున్నాను. ఇవాళ నేను తినే అన్నం ఆవిడ దిద్దిన వేళ్ళదే. ఒంటరి మనిషి. పెళ్ళెందుకు చేసుకోలేదండీ అని అడిగితే, "వచ్చినవాళ్ళకి స్పీడు చాల్లేదే" అని నవ్వేసేవారు.

ఆవిడ గదిలో టీవీకి తగిలించుకునే పాత కంప్యూటరొకటి ఉండేది. ఆదివారం క్లాసులుండవు కదా, ఓ పత్రికలో అచ్చయిన ఆట ప్రోగ్రాము చూస్తూ అందులో లైను లైనూ కొట్టేవారు. ఒక్క ముక్కకీ అర్థం తెలీదు, ఒక్క తప్పూ పడేది కాదు. దాచుకునే వీల్లేని మిషను, కరెంటు పోతే ఆటా పోయేది. మా బందరు కరెంటు సంగతి వేరే చెప్పాలా. "పోతే పోయింది, వేళ్ళున్నాయిగా" అని మళ్ళీ మొదలెట్టేవారు.

ఆటంటే రెండు చదరాలు, అవే పడవలు. ఇద్దరు కూర్చుని వంతులవారీగా కదపాలి. కనబడని ఇసకమేటలు తప్పించుకుని ముందు గట్టు చేరినవాళ్ళది గెలుపు. మొదటి పడవ ఆవిడది, రెండోది నాది. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్ళిపోయాక రెండూ ఆవిడే నడుపుకున్నారట. ఆ మాట ఆవిడ నవ్వుతూ చెబితే నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

తర్వాత ఆ మిషను పాడైంది, పత్రికని చెదలు తినేశాయి. కొత్త కంప్యూటర్లో మళ్ళీ చేసిస్తాను, లైన్లు గుర్తున్నాయా అన్నాను. "నోటికి రావే, ఉండు" అని టైపు మిషనులో కాగితం ఎక్కించి కళ్ళు మూసుకున్నారు. మూడు కాగితాలు ఆగకుండా కొట్టారు.

అవి ముందేసుకుని ఆట కొత్తగా రాశాను. రంగులు పెట్టాను, నీళ్ళు కదిలేట్టు చేశాను. పైగా నా తెలివి చూడండి, రెండో పడవ కంప్యూటరే నడిపేట్టు పెట్టాను, ఆవిడకి ఇంకెవరూ అక్కర్లేకుండా. తీసుకెళ్ళి చూపిస్తే రెండాటలాడి కీబోర్డు పక్కకి జరిపారు.

"బాగుందే. కానీ ఇది కబుర్లు చెప్పదుగా."

బస్సు టైమైందని లేచాను. వచ్చే ఆదివారం మనిద్దరం ఆడదామండీ అన్నాను. ఆ తర్వాత రెండేళ్ళ ఆదివారాలు వెళ్ళిపోయాయి. నేను వెళ్ళలేదు.

మొన్న కూర్చుని నా తెలివంతా తీసేశాను. ఆవిడ కొట్టిచ్చినట్టే ఇద్దరాడే ఆట చేశాను. ఆ లైన్లలో వంతుకి గడువంటూ లేదు, ఎంతసేపైనా ఆగుతుంది. మొదటి పడవ కదిలితేగాని నా వంతు రాదు. రెండూ నేనే కదపొచ్చు, ఆవిడలాగే. చెయ్యి రాలేదు. తెర మీద రెండు చదరాలూ ఇవతలి గట్టునే, పక్కపక్కన ఉన్నాయి.