మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి

పదో తరగతి పిల్లలకు జీర్ణక్రియ పాఠం పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాను. జీర్ణాశయం కింద ఆకులా పడుకుని ఉండే క్లోమం బొమ్మను కళ్ళు మూసుకుని కూడా బోర్డు మీద వేయగలను. ఆ క్లోమమే నా కడుపులో పనిచేయడం మానేస్తే మాత్రం రెండేళ్ళపాటు కనిపెట్టలేకపోయాను.

కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్ని నేను. ఆ రెండేళ్ళలో పదకొండు కిలోలు తగ్గాను. నూనె తగిలిన కూర తింటే చాలు, కడుపు ఉబ్బిపోయేది. విరేచనం జిడ్డుగా, ఎన్ని నీళ్ళు పోసినా పోకుండా తేలుతూ ఉండేది. స్టాఫ్ రూములో "ఏం మేడమ్, డైటింగా?" అని అడిగితే నవ్వేసేదాన్ని. జాకెట్లన్నీ రెండుసార్లు బిగించి కుట్టించుకున్నాను. డెబ్బై దాటిన మా అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన చెయ్యమని అందరినీ అడిగి, సోమవారం నన్నూ మా ఆయన్నీ బయల్దేరదీసి తనూ మాతో డాక్టరు దగ్గరికి వచ్చారు.

స్కాన్ రిపోర్టు చూసి, అమలాపురంలోని కడుపు జబ్బుల డాక్టరమ్మ విషయం తేల్చేశారు.

"మీ క్లోమం పాడైందండి. అరిగించే రసం సరిపడా రావట్లేదు. అందుకే తిన్న కొవ్వు తిన్నట్టే పోతోంది."

"నేనెప్పుడూ మందు ముట్టలేదండి," అన్నాను. ఆవిడ అడగనే లేదు. ఈ జబ్బు తాగేవాళ్ళకే వస్తుందని నేను ఎక్కడో చదివి ఉన్నాను.

"అందరికీ తాగుడు వల్లే రాదండి. మీలాంటోళ్ళని చాలామందిని చూసేను. ఆ రసంలో ఉండే ఎంజైముల్నే కేప్సూల్లో పెట్టి ఇస్తాం. భోజనంతో వేసుకోవాలి. ఇంకో మాట, వీటిని పంది క్లోమం నుంచి తీస్తారు. మీకేమన్నా పట్టింపా?"

నేను అత్తగారి వంక చూశాను. ఆవిడ క్షణం ఆలోచించారు.

"ఆయ్, ఏం పర్లేదండి. ప్రార్థన చేసుకుని వేసుకుంటాదండి," అన్నారు.

ఆ రోజు డాక్టరమ్మ దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. భోజనంతో అంటే ఎలా అని నేను అడగలేదు. టీచర్ని కదా, అడగడం నామోషీ అనిపించింది. కేప్సూల్ చూస్తే చింతగింజంత ఉంది. చిన్నప్పటి నుంచీ పెద్ద మాత్ర నా గొంతు దిగదు. విప్పి చూస్తే లోపల ఆవాలకన్నా చిన్న గుళికలు. వాటిని పొగలు కక్కే చారన్నంలో చల్లుకుని, కలుపుకుని, నమిలి తినేశాను. సాయంత్రం అత్తగారు వాటినే వేడి పాలల్లో వేసి తిప్పి ఇచ్చారు. అలా పదిహేను రోజులు గడిచాయి. కడుపులో ఏ మార్పూ లేదు. పైగా నోరంతా పుళ్ళు. ఈ మందూ ఇంతే అనుకుని, విసుక్కుంటూనే మళ్ళీ అమలాపురం వెళ్ళాను.

"ఎలా వేసుకుంటున్నారు?" అని అడిగారు డాక్టరమ్మ. చెప్పాను.

"టీచరు గారూ, మీ సబ్జెక్టేంటండి?"

"బయాలజీ అండి."

ఆవిడ ఎంత గట్టిగా నవ్వారంటే, నర్సు తలుపు తీసి లోపలికి తొంగి చూసింది. నాకూ నవ్వొచ్చింది గానీ, నోటి పుళ్ళు మండి ఆపుకున్నాను.

"తప్పు నాదేలెండి. ఆ రోజే విడమరిచి చెప్పాల్సింది," అంటూ ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "ఆ గుళికల మీద పూత ఉంటుందండి. కడుపులో ఆమ్లాన్ని తట్టుకుని, చిన్నపేగులోకి వెళ్ళాక కరుగుతుంది. నమిలితే పూత పోద్ది. మందు నోట్లోనే పనిచేసి మీ నోటినే అరిగించేస్తుంది. అందుకే ఆ పుళ్ళు."

"వేడి పాలు?"

"అసలొద్దు. కేప్సూల్ విప్పకుండా అలాగే మింగాలి, చల్లటి నీళ్ళతో. మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో ఒకటి. తినడం అయిపోయేక వేసుకుంటే అన్నం ముందెళ్ళిపోద్ది, మందు వెనకాల పరిగెడుతుంది. నూనె ఉన్న చిరుతిండి తిన్నా ఒకటి వేసుకోవాలి. తినని పూట వేసుకోవద్దు. ఓ పూట మర్చిపోతే, తర్వాతి పూట రెండింతలు వెయ్యొద్దు. మింగడం కష్టమైతే చెప్పండి, దానికీ పద్ధతుంది. మీ అంతట మీరు విప్పకండి."

ఇంటికొచ్చి, తల కాస్త ముందుకు వంచి మింగడం మంచినీళ్ళతో సాధన చేశాను. మర్నాడు మధ్యాహ్నం అత్తగారు ముద్దపప్పులో నెయ్యి వేసి, రొయ్యల ఇగురు వడ్డించారు. మొదటి ముద్దతో ఒక కేప్సూల్. గుటుక్కున దిగిపోయింది! మధ్యలో రెండోది. చెయ్యి కడుక్కుని వచ్చి గడియారం ఎదురుగా కూర్చున్నాను. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. కడుపు ఉబ్బలేదు.

నాలుగో రోజు పొద్దున బాత్రూమ్‌లోంచే కేక పెట్టాను.

"అత్తయ్యగారూ! మునిగిందండీ!"

వంటింట్లోంచి ఆవిడ పరుగెత్తుకొచ్చారు. "ఏం మునిగిందమ్మా? చెంబా?"

"చెంబు కాదండీ, అది! తేలట్లేదు!"

ఆవిడకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక గుమ్మంలోనే నిలబడి రెండు చేతులూ ఎత్తి "దేవుడికి స్తోత్రం" అన్నారు. పేపరు చదువుకుంటున్న మా ఆయనకు ఇద్దరం కలిసి ఒకేసారి చెప్పాం. అలాంటి వార్తకు ఇంట్లో అంత సంబరం జరగడం మళ్ళీ చూడలేదు. క్రిస్మస్ నాటికి నాలుగు కిలోలు పెరిగాను. ఒక జాకెట్ కుట్లు నేనే విప్పుకున్నాను.

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాక, ఎండలు ముదురుతున్న రోజుల్లో, అంతా తిరగబడింది. మళ్ళీ ఉబ్బరం, మళ్ళీ జిడ్డు. మందు సరిగ్గానే మింగుతున్నాను. క్లోమం పూర్తిగా పోయిందేమో అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో భోజనం దగ్గర రెండుకు బదులు నాలుగు కేప్సూళ్ళు చేతిలోకి తీశాను. అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"డాక్టరమ్మ చెప్పకుండా ఒక్కటెక్కువ వేసుకున్నా నేనూరుకోను. రేపు ఫోన్ చేసి అడుగు."

మర్నాడు పదో తరగతికి రివిజన్ చెబుతున్నాను. ఎంజైముల ధర్మాలు బోర్డు మీద రాస్తూ పైకి అంటున్నాను: "అధిక ఉష్ణోగ్రత దగ్గర ఎంజైముల నిర్మాణం చెడిపోతుంది. ఆ తర్వాత అవి పనిచేయవు."

చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

స్కూటర్!

రివిజన్ క్లాసుల హడావుడిలో మందు ఇంట్లో మర్చిపోతున్నానని, మూడు వారాలుగా సీసాను స్కూటర్ డిక్కీలోనే ఉంచుతున్నాను. స్కూటర్ రోజంతా ఎండలో ఉంటుంది. పిల్లల్ని చదువుకోమని చెప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వరండా దాటి పరుగెత్తాను. డిక్కీ తీస్తే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. సీసా కాలిపోతోంది. లోపల కేప్సూళ్ళు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అక్కడే నిలబడి డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"డాక్టరు గారూ, దొరికిందండీ! ఎండలో పెట్టేసేను! మందు ఉడికిపోయిందండీ!"

విషయమంతా విని ఆవిడ అడిగారు. "పని చెయ్యట్లేదని ఎక్కువ గానీ వేసేసుకున్నారా?"

"లేదండీ. మా అత్తగారు పట్టుకున్నారు."

"ఆవిడకి నా నమస్కారాలని చెప్పండి. మోతాదు బాగా మించితే పేగులకే ప్రమాదం. ఆ సీసా పారేసి కొత్తది కొనుక్కోండి. ఇంట్లో ఎండ, తడి తగలని చోట మూత బిగించి పెట్టండి. ఫ్రిజ్‌లో కూడా వద్దు. స్కూలుకి ఆ పూటకి కావాల్సినంతే పట్టుకెళ్ళండి. నాలుగు రోజుల్లో తగ్గకపోతే వచ్చెయ్యండి."

క్లాసుకు తిరిగి వస్తే పిల్లలందరూ కిటికీల దగ్గర ఉన్నారు. దాచాలనిపించలేదు. నా జబ్బేమిటో, చారన్నంలో ఏం చేశానో, డిక్కీలో ఏం చేశానో అన్నీ చెప్పేశాను. గది నవ్వులతో దద్దరిల్లింది. ఎంజైముల మీద ప్రశ్న వస్తే ఆ సంవత్సరం ఒక్కరు కూడా తప్పు రాయరని నాకు అప్పుడే తెలిసిపోయింది.

కొత్త సీసా మొదలుపెట్టిన మూడో రోజుకు కడుపు కుదుటపడింది. ఈస్టర్ రోజున చర్చి నుంచి వచ్చి కోడికూరతో భోజనం చేసి, సాయంత్రం అందరం ఓడలరేవు సముద్రం దగ్గరికి వెళ్ళాం. మిరపకాయ బజ్జీలు కొన్నాం. పర్సులోంచి చిరుతిండికి చెప్పిన ఒక్క కేప్సూల్ తీసి, నీళ్ళతో మింగి, బజ్జీ కొరికాను. కారం నషాళానికి అంటింది. అత్తగారు తన వంతు బజ్జీ కూడా నా చేతిలో పెట్టారు. తినేశాక చెప్పులు విప్పి మా ఆయన చేతికిచ్చి, తడి ఇసుకలో అలల దాకా పరుగెత్తాను.